పిల్లలకు చెప్పకుండా వాళ్ళ ఫోన్లలో నిఘా వద్దు: తల్లిదండ్రుల కమిటీకి బహిరంగ లేఖ

మా బడి తల్లిదండ్రుల కమిటీ సభ్యులందరికీ నమస్కారం.

పోయిన నెల సమావేశం తర్వాత మీరు పంపిన కాగితం నా ముందుంది. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ, పిల్లల ఫోన్‌లో ఒక నిఘా యాప్ పెట్టుకోవాలని అందులో రాశారు. అది స్క్రీన్ మీద కనిపించదు కాబట్టి వాళ్ళకు తెలిసే అవకాశమే లేదన్నారు. మెయిల్స్, మెసేజ్‌లు, చూసిన సైట్లు అన్నీ రాత్రికల్లా మన ఫోన్‌కి వచ్చేస్తాయన్నారు. చివర్లో "పిల్లలకు చెప్పవద్దు" అని రాసి, దాని కింద గీత కూడా గీశారు.

ఆ సమావేశంలో నేనూ ఉన్నాను. ఎవరూ చెడ్డ ఉద్దేశంతో మాట్లాడలేదు. పక్క సెక్షన్‌లో ఒక పాపకి జరిగింది విన్నాక హాల్లో ఎవరికీ నోట మాట రాలేదు. ఆ భయంలోంచే ఈ కాగితం వచ్చింది. ఆ భయం నాకూ ఉంది. కానీ ఆ చివరి వాక్యాన్ని మీరు వెనక్కి తీసుకోవాలి. అది అడగడానికే ఈ ఉత్తరం. ఎందుకంటే, చెప్పకుండా చూడటం అనే పని నేను చేశాను. దాని ఫలితం మా అబ్బాయి అనుభవించాడు. సమావేశం రోజున నలుగురిలో చెప్పుకోలేకపోయాను. ఇప్పుడు చెబుతున్నాను.

వాడికి పన్నెండేళ్ళప్పుడు బడి పనుల కోసం మెయిల్ ఖాతా తెరిచాం. ఒకసారి సెలవుల్లో వాడు ఊరెళ్ళినప్పుడు చూస్తే, కంప్యూటర్‌లో వాడి మెయిల్ తెరిచే ఉంది. సెట్టింగ్స్‌లోకి వెళ్ళి, వాడికి వచ్చే ప్రతి మెయిల్ కాపీ నాకు కూడా వచ్చేలా ఫార్వర్డింగ్ పెట్టాను. ఐదు నిమిషాల పని. నాకు వచ్చిన కోడ్ అక్కడ కొడుతుంటే చెయ్యి వణికింది. తల్లిని, ఆ మాత్రం హక్కు నాకు లేదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

మొదటి నెలలో స్నేహితుల కబుర్లు వచ్చేవి. ఒక పిల్లాడు "మీ అమ్మ ఇంకా అరుస్తోందా?" అని రాశాడు. అది చదివి ఆ రాత్రంతా నిద్రపోలేదు, పొద్దున్నే ఏమీ ఎరగనట్టు వాడికి టిఫిన్ పెట్టాను. తర్వాత ఆ కబుర్లు మెల్లగా తగ్గిపోయాయి. హోంవర్కులు, టీచర్ల నోటీసులు, సైన్స్ ప్రాజెక్టు గురించి రెండు ముక్కలు, అంతే. వాడు దారిలో పడ్డాడనుకున్నాను. నాలుగు నెలలపాటు ప్రతి రాత్రీ ఆ మెయిల్స్ చూసుకుని నిశ్చింతగా పడుకున్నాను.

జరిగింది వేరు. బడిలో కంప్యూటర్ క్లాసులో మెయిల్స్‌కి ఫిల్టర్లు పెట్టడం నేర్పారు. దానికోసం వాడు సెట్టింగ్స్ తెరిచాడు. అక్కడ నా మెయిల్ అడ్రస్ కనిపించింది. వాడు నన్ను ఏమీ అడగలేదు. దాన్ని తీసేయలేదు కూడా, తీసేస్తే నాకు తెలిసిపోతుంది కదా. పుట్టిన సంవత్సరం మార్చి వేసి ఇంకో ఖాతా తెరుచుకున్నాడు. పాత ఖాతాని నా కోసం శుభ్రంగా నడిపాడు. నేను నాలుగు నెలలు చూసింది వాడు నాకు చూపించదలుచుకున్నది మాత్రమే. అసలు బతుకంతా రెండో ఖాతాలో ఉంది. అక్కడ ఏం జరుగుతోందో నాకే కాదు, ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఆ ఖాతాతోనే ఒక గేమ్‌లో చేరాడు. పదిహేనేళ్ళవాడినని చెప్పుకుంటూ ఒకడు పరిచయమయ్యాడు. మూడు వారాలు చాలా ఆప్యాయంగా మాట్లాడాడట. గేమ్‌లో కాయిన్లు పంపాడు, ఓడిపోయినప్పుడు ఓదార్చాడు, ఇంట్లో సంగతులు అడిగి ఓపిగ్గా విన్నాడు. తర్వాత వేరే యాప్‌లోకి రమ్మన్నాడు, అక్కడ మెసేజ్‌లు వాటంతటవే చెరిగిపోతాయని చెప్పాడు. బడి యూనిఫాంలో ఒక ఫోటో పంపమన్నాడు. మావాడు పంపాడు. బ్యాడ్జి మీద బడి పేరు ఉంది. ఆ తర్వాత ఇంకో రకం ఫోటోలు అడగడం మొదలుపెట్టాడు. మావాడు పంపనన్నాడు. అప్పుడు వచ్చిన మెసేజ్ నేను స్క్రీన్‌షాట్‌లో చూశాను, ఇప్పటికీ కళ్ళ ముందు మెదులుతుంది: "మీ అమ్మకి తెలియకుండా ఈ ఖాతా నడుపుతున్నావని నువ్వే చెప్పావుగా. చెప్పేయమంటావా?"

వాడిని బెదిరించడానికి ఆ మనిషి వాడుకున్నది నన్నే. నేనంటే మావాడికున్న భయమే అతని చేతిలో కత్తి అయింది. చాటుగా చూడటం మొదలుపెట్టి ఆ కత్తిని తయారు చేసి ఇచ్చింది నేను.

నాలుగు రోజులు వాడు ఎవరికీ చెప్పలేదు. ఐదో రోజు మా చెల్లెలు ఇంటికొస్తే, దాన్ని మేడ మీదకి తీసుకెళ్ళి "పిన్నీ, అమ్మకి చెప్పనని ఒట్టెయ్యి" అన్నాడట. మా చెల్లెలు ఒట్టెయ్యలేదు. "నువ్వు లేకుండా చెప్పను. ఇద్దరం కలిసే చెబుదాం" అంది. ఆ మాట అనగలిగినందుకు దానికి జీవితాంతం రుణపడి ఉంటాను. ఇద్దరూ కిందకి వచ్చి నా ఎదురుగా కూర్చున్నారు. వాడు తల వంచుకుని బల్ల అంచుని గోటితో గీకుతున్నాడు. ఏం జరిగిందో ఇంకా చెప్పనే లేదు, ముందుగా వాడి నోట్లోంచి వచ్చిన మాట, "ఫోన్ తీసేసుకోకమ్మా."

కమిటీ సభ్యులారా, దయచేసి ఆ మాట దగ్గర ఒక్క క్షణం ఆగండి. పిల్లలు ఆపదలో ఉన్నప్పుడు మన దగ్గరికి ఎందుకు రారు అని సమావేశంలో ఒకరు అడిగారు. నాకు తెలిసినంతలో జవాబు ఇదే. బయటివాడు ఏం చేస్తాడన్న భయం ఎంతుంటుందో, మనం ఏం చేస్తామన్న భయమూ అంతే ఉంటుంది. ఫోన్ లాక్కుంటాం, తిడతాం, స్నేహితుల ముందు పరువు తీస్తాం, ఇన్నాళ్ళూ ఇదా నువ్వు చేసింది అంటాం. ఆ రెండు భయాల మధ్య నలిగి చాలామంది పిల్లలు నోరు మూసుకుంటారు. పిల్లల్ని వలలో వేసుకునేవాళ్ళకి ఇది బాగా తెలుసు. అందుకే మొదట్నుంచీ "ఇంట్లో చెప్పకు" అంటూనే ఉంటారు. మన కాగితం మీద కూడా అదే రకం మాట ఉండటం నాకు కడుపులో దేవినట్టుంది.

ఆ రోజు మేం చేసిన పనులు క్లుప్తంగా చెబుతాను, ఎవరికైనా అవసరం పడవచ్చు. అతనికి జవాబు ఇవ్వలేదు. అడిగింది ఏదీ ఇవ్వలేదు, ఎందుకంటే ఒకసారి ఇస్తే మళ్ళీ అడుగుతారు. ముందు మెసేజ్‌లు, ప్రొఫైల్ పేరు, తేదీలు కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసుకున్నాం. ఆ తర్వాతే గేమ్‌లోనూ యాప్‌లోనూ రిపోర్ట్ చేసి, బ్లాక్ చేశాం. వరుస తప్పి ముందే అన్నీ చెరిపేస్తే ఆధారాలు పోతాయి. పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాం. బడిలో క్లాస్ టీచర్‌కి చెప్పాం. ఒకవేళ బట్టల్లేని ఫోటో బయటికి వెళ్ళిపోయినా దారులు మూసుకుపోవు. తప్పిపోయిన, దోపిడీకి గురైన పిల్లల కోసం పనిచేసే ఎన్‌సీఎంఈసీ అనే అమెరికా సంస్థ నడిపే "టేక్ ఇట్ డౌన్" సేవ ఉంది. ఫోటోని ఎవరికీ పంపకుండానే, దాని డిజిటల్ గుర్తుని మాత్రమే ఇస్తే, ఆ సేవలో చేరిన సైట్లు ఆ ఫోటోని గుర్తుపట్టి తీసేయగలవు. పద్దెనిమిదేళ్ళ లోపు తీసిన ఫోటోలకు అది పనిచేస్తుంది. ఈ సంగతి పెద్దలకంటే ముందు పిల్లలకే తెలియాలి.

ఇక మీరు సూచించిన యాప్ సంగతి. ఆ కాగితంలో ఉన్న సూచనలు మళ్ళీ ఒకసారి చదవండి. లింక్ నుంచి డౌన్‌లోడ్ చేయాలి, ఫోన్‌లో ప్లే ప్రొటెక్ట్ (హాని చేసే యాప్‌లను పట్టుకునే గూగుల్ రక్షణ) ఆపేయాలి, బయటి యాప్‌లకు అనుమతి ఇవ్వాలి. ఆ యాప్ ప్లే స్టోర్‌లో ఎందుకు లేదో ఎవరైనా అడిగారా? పిల్లల కోసం తల్లిదండ్రులు వాడే పర్యవేక్షణ యాప్‌లను ప్లే స్టోర్ ఒప్పుకుంటుంది. కానీ ఐకాన్ దాచకూడదు, పని చేస్తున్నంతసేపూ నోటిఫికేషన్ కనిపించాలి, రహస్య నిఘా అని ప్రచారం చేసుకోకూడదు అని దాని నిబంధన. దాక్కునే యాప్ ఆ నిబంధనలో నెగ్గదు. ప్లే ప్రొటెక్ట్ ఆపేయమనడం అంటే, ఇంటికి కాపలా పెడతాం, ముందు తలుపు గడియ తీసేయండి అనడమే.

అలా తీసిన తలుపులోంచి ఏం పోతుందో చెప్పే ఉదాహరణలు ఉన్నాయి. టీన్‌సేఫ్ అనే యాప్ పిల్లల మెసేజ్‌లు, కాల్స్, లొకేషన్ తల్లిదండ్రులకు చూపించేది. అది పనిచేయాలంటే పిల్లల ఆపిల్ ఖాతాకి రెండంచెల భద్రత (పాస్‌వర్డ్‌తోపాటు కోడ్ కూడా అడిగే ఏర్పాటు) ఆపేయాల్సి వచ్చేది. 2018 మే నెలలో ఆ సంస్థ సర్వర్లు ఏ పాస్‌వర్డూ లేకుండా ఇంటర్నెట్‌లో తెరిచి ఉన్నాయని బయటపడింది. పిల్లల ఆపిల్ ఐడీలు, వాటి పాస్‌వర్డ్‌లు ఎవరైనా చదవగలిగేలా మామూలు అక్షరాల్లో ఉన్నాయి. అలాంటి రికార్డులు 10,000 పైచిలుకు. ఎంస్పై అనే ఇంకో నిఘా యాప్ సమాచారం 2015లో ఒకసారి, 2018లో ఒకసారి, 2024లో మరోసారి బయటికి పొక్కింది. మన పిల్లల మెసేజ్‌లు, వాళ్ళు ఏ సమయానికి ఎక్కడుంటారన్న వివరం, మనకు తెలియని ఒక కంపెనీ కంప్యూటర్‌లో పోగుపడతాయి. అవి ఎవరి చేతికి చిక్కకూడదని మనం అనుకుంటున్నామో వాళ్ళకే చిక్కవచ్చు.

పేరున్న సాధనాలు ఎక్కడ గీత గీసుకున్నాయో కూడా చూడండి. గూగుల్ ఫ్యామిలీ లింక్‌తో ఏ యాప్ వేసుకోవాలో మనం ఒప్పుకోవచ్చు, సమయం పరిమితం చేయవచ్చు, ఫోన్ ఎక్కడుందో చూడవచ్చు. పిల్లల మెయిల్స్, మెసేజ్‌లు మాత్రం చదవలేం. ఆపిల్ ఫోన్లలో పిల్లల ఖాతాకి ఒక సదుపాయం ఉంది. మెసేజ్‌లో నగ్న చిత్రం వస్తే ఫోనే దాన్ని గుర్తుపట్టి మసకగా చూపిస్తుంది, నమ్మకమైన పెద్దవాళ్ళకి చెప్పుకోమని పిల్లలకే దారి చూపిస్తుంది. 2021లో మొదట ప్రకటించినప్పుడు, పదమూడేళ్ళ లోపు పిల్లలు అలాంటి చిత్రం తెరిచి చూస్తే తల్లిదండ్రులకి ఆటోమేటిగ్గా కబురు వెళ్ళేలా పెడతామన్నారు. అన్ని ఇళ్ళూ పిల్లలకి క్షేమమైనవి కావు అన్న అభ్యంతరాలు వచ్చాయి. ఆ భాగాన్ని తీసేసి విడుదల చేశారు. ఆ అభ్యంతరం మొదట నాకు వింతగా అనిపించింది. మా ఇంట్లో నాలుగు రోజులు ఏం జరిగిందో గుర్తుచేసుకున్నాక అర్థమైంది.

పిల్లలకు గోప్యత ఏమిటి, అది పెద్దల మాట అని సమావేశంలో ఒక పెద్దాయన అన్నారు. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో 16వ అధికరణం సరిగ్గా దీని గురించే ఉంది. పిల్లల ఏకాంతంలో, వాళ్ళ ఉత్తర ప్రత్యుత్తరాల్లో అకారణంగా జోక్యం చేసుకోకూడదంటుంది. ఇంటర్నెట్ కాలానికి దాన్ని ఎలా అన్వయించాలో చెబుతూ అదే ఒడంబడిక కమిటీ 2021లో ఒక వివరణ ఇచ్చింది. తల్లిదండ్రులు చూడవద్దని అందులో లేదు. ఆ చూడటం అవసరానికి తగినంతే ఉండాలని, పిల్లల ఎదుగుదలని బట్టి మారుతూ ఉండాలని ఉంది. పదకొండేళ్ళ పిల్లకీ పదహారేళ్ళ పిల్లాడికీ ఒకే యాప్, ఒకే రిపోర్టు అనడం ఏ లెక్కనా సరికాదు. పైగా మెసేజ్‌లు చదివితే మన పిల్లల మాటలతోపాటు వాళ్ళ స్నేహితుల మాటలూ చదువుతాం. ఆ పిల్లల్ని మనం అడగలేదు, వాళ్ళ తల్లిదండ్రుల్నీ అడగలేదు.

మరి అసలు చూడకూడదా? చూడాలి. ఆ సంగతిలో నేను మీవైపే ఉన్నాను. మా పాపకి తొమ్మిదేళ్ళు. దాని మెయిల్ ఖాతా నా ఖాతా కిందే ఉంది, ఆ సంగతి దానికి తెలుసు. వారానికి ఒకసారి పక్కపక్కన కూర్చుని ఇన్‌బాక్స్ తెరుస్తాం. మెయిల్ అంటే ఉత్తరాల పెట్టె అనుకుంటాం కానీ, పిల్లల విషయంలో అది తాళాల గుత్తి. ఏ కొత్త సైట్‌లో చేరినా స్వాగతం చెప్పే మెయిల్ అక్కడికే వస్తుంది, ఏ పాస్‌వర్డ్ మార్చాలన్నా లింక్ అక్కడికే వస్తుంది. స్నేహితురాలు రాసిన ఉత్తరం నేను చదవక్కర్లేదు. "ఇది ఎక్కడి నుంచి వచ్చింది? ఇందులో నువ్వు చేరావా? వయసు ఎంతని వేశావు?" అని అడిగితే చాలు. మొన్న ఒక మెయిల్‌లో "మీ ఖాతా మూసేస్తున్నాం, వెంటనే ఇక్కడ నొక్కండి" అని ఉంది. పంపినవాళ్ళ అడ్రస్‌లో ఒక అక్షరం తేడా ఉందని అదే కనిపెట్టింది. నేను చూసుకోలేదు. ఏ దాచిన యాప్ కూడా ఆ చూపు నేర్పదు.

అబ్బాయితో ఒప్పందం వేరు. వాడికిప్పుడు పద్నాలుగు. కొత్త యాప్ కావాలంటే అనుమతి అడుగుతూ నా ఫోన్‌కి నోటిఫికేషన్ వస్తుంది, అది వాడికి తెలుసు. రాత్రి పదికి ఇంట్లో అందరి ఫోన్లూ, నాదీ వాళ్ళ నాన్నదీ కూడా, హాల్లో ఛార్జింగ్‌లో ఉంటాయి. వాడి మెసేజ్‌లు నేను చదవను. వాడి పాస్‌వర్డ్ ఒక కాగితం మీద రాసి, కవర్‌లో పెట్టి అంటించి, అంటించిన చోట ఇద్దరం సంతకాలు చేశాం. అది బీరువాలో ఉంది. పాస్‌వర్డ్ మారిస్తే కొత్త కవర్ పెట్టడం వాడి బాధ్యత. వాడి ప్రాణానికి ఏదైనా అపాయం ఉందనిపిస్తే, చెప్పకుండా ఇంటికి రాకపోతే, నేను ఆ కవర్ చింపుతాను. చింపితే ఆ రోజే వాడికి చెబుతాను. ఒకటిన్నర సంవత్సరమైంది. అప్పుడప్పుడు వాడు బీరువా తీసి ఆ కవర్ చూసుకుంటాడు. నేను చూడనట్టు ఊరుకుంటాను. అంటించిన చోటు అలాగే ఉంది.

మొక్కై వంగనిది మానై వంగునా అని మీలో కొందరు అంటారు. నిజమే. కానీ మొక్కను వంచాలంటే దాని పక్కనే ఉండాలి. చాటునుంచి చూస్తే వంపు రాదు, మా వాడికి వచ్చినట్టు దాక్కునే తెలివి వస్తుంది. బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో అనే ప్రైవేట్ విండోలో తెరిస్తే ఆ ఫోన్ హిస్టరీలో ఏమీ మిగలదని పిల్లలకు ముందే తెలుసు. ఫోన్ లేకపోతే స్నేహితుడి ఫోన్ ఉంది. ఈ పందెంలో మనం గెలవం.

కాబట్టి కమిటీని నేను కోరేది ఇది. ఆ కాగితాన్ని ఉపసంహరించుకోండి. ఇప్పటికే ఆ యాప్ వేసినవాళ్ళుంటే, తీసేసి ప్లే ప్రొటెక్ట్ మళ్ళీ ఆన్ చేసుకోమనండి. పిల్లల పాస్‌వర్డ్‌లు వాళ్ళ చేతే మార్పించమనండి. చూసిన సంగతి పిల్లలకు తమ నోటితోనే చెప్పమనండి, కష్టంగా ఉంటుంది, అయినా చెప్పమనండి. నేను చెప్పడానికి ముందే వాడికి తెలిసిపోయింది, ఆ బాధ వేరు. వచ్చే సమావేశానికి పిల్లల్ని కూడా పిలవండి. ఇంట్లో ఏం చూస్తారు, ఏం చూడరు అన్నది వాళ్ళ ఎదురుగా మాట్లాడుకుందాం. బడి తరఫున ఒక హామీ రాసి గోడ మీద పెట్టండి: ఆన్‌లైన్‌లో ఎవరైనా బెదిరిస్తున్నారని వచ్చి చెప్పిన పిల్లల్ని శిక్షించం, నువ్వెందుకు మాట్లాడావని అడగం, ఆ చెప్పినందుకు ఫోన్ తీసుకోమని ఇంటివాళ్ళకి చెప్పం. ఇంట్లో చెప్పలేని పిల్లలకోసం ఒక టీచర్ పేరు కూడా దాని కింద రాయండి. మా వాడికి పిన్ని ఉంది. అందరికీ ఉండకపోవచ్చు.

ఈ ఉత్తరం పంపే ముందు మా అబ్బాయికి చూపించాను. ఇది వాడి కథ కూడా కదా. రెండు వాక్యాలు తీసేయమన్నాడు, తీసేశాను. వచ్చే సమావేశంలో తనకి ఐదు నిమిషాలు ఇస్తే, ఆ రెండో ఖాతా నాకు తెలియకుండా ఎలా నడిపాడో మీ అందరికీ చెబుతానన్నాడు. వాడికి ఆ ఐదు నిమిషాలు ఇవ్వమని కోరుతున్నాను.

ఇట్లు,
తొమ్మిదో తరగతి విద్యార్థి తల్లి